నొప్పి తగ్గిన రాత్రి

గత కార్తీకమాసంలో, బీరువా అడుగు అరలోంచి జవాబు పత్రాల కట్ట వంగి తీస్తుండగా నడుములో కలుక్కుమంది. ఇరవై రెండేళ్లుగా గుంటూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి పాఠాలు చెబుతున్నదాన్ని, నిలబడీ నిలబడీ నడుము పట్టేయడం నాకు కొత్త కాదు కనుక బామ్ రాసుకుని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి నొప్పి నడుమును వదిలి ఎడమ పిరుదులోకి దిగి, తొడ పక్కగా, పిక్క మీదుగా, కాలి బొటనవేలి దాకా కాల్చిన తీగ లాగినట్టు పాకసాగింది. తుమ్మినా దగ్గినా ఆ తీగ ఒక్కసారిగా బిగుసుకునేది. ఆయుర్వేదం కొంత చదివిన మా మేనమామగారు, "దీన్ని గృధ్రసి అంటారమ్మా, రోగి నడక రాబందు నడకలా మారుతుంది గనుక ఆ పేరు" అన్నారు. సాయంత్రపు ఎండలో పాఠశాల గోడ మీద ఒక పక్కకు ఒరిగి నడుస్తున్న నా నీడను చూసినప్పుడు, ఆ పేరు పెట్టినవారు రోగిని ఎంత శ్రద్ధగా గమనించారో నాకు అర్థమైంది.

కొత్తపేటలో పేరున్న ఒక వైద్యుడి దగ్గరకు వెళ్లాం. ఎక్స్‌రే, ఎమ్మారై రెండు రోజుల్లో అయిపోయాయి. ఆయన ఫిల్మును వెలుగుకు పెట్టి, నడుము దగ్గరి ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని ఒత్తుతోందని చెప్పి, నా వైపు తిరగకుండానే, "ఈ వయసులో ఎవరికి తీసినా ఇలాగే ఉంటుందమ్మా, బరువు తగ్గండి" అన్నారు. ఎడమ చెప్పు కాలి నుంచి జారిపోతోందనీ, మొన్న బస్సు మెట్టు మీదే ఉండిపోతే వెనకాల దిగిన పిల్లవాడు తెచ్చి ఇచ్చేదాకా నాకు తెలియలేదనీ చెప్పాను. "మంచి చెప్పులు కొనుక్కోండి" అని తరువాతి పేరు పిలిపించారు.

ఆ మాటను నేను ఇంకా క్షమించలేకపోతున్నాను. ఏ నొప్పీ లేనివారికి ఎమ్మారై తీసినా డిస్కు ఉబ్బులు కనిపించడం మామూలేనని తరువాత తెలుసుకున్నాను కనుక, ఆయన మొదటి మాటలో నిజం ఉందని ఒప్పుకుంటాను. అయితే ఫిల్ములో కనిపించేది అందరికీ ఉండేదే అయినప్పుడు, మనిషిని ఇంకా జాగ్రత్తగా చూడాలి కదా? నా పాదం ఆయన కుర్చీకి మూరెడు దూరంలోనే ఉంది.

నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్రలతో, నడుముకు బెల్టుతో పుష్యమాసం వచ్చింది. భోగికి ముందు రాత్రి పదకొండు గంటలకు మొదలైన నొప్పి మునుపెన్నడూ ఎరగనిది. పడుకోలేను, కూర్చోలేను, నిలబడలేను. నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కుర్చీ మీద పెడితే మావారు వేడినీళ్ల సంచి మార్చి మార్చి పెడుతూ, మంగళగిరి పానకాల స్వామికి మెట్లెక్కి వస్తామని మొక్కుకున్నారు. ఈ కాలు తీసేసినా ఫరవాలేదని నేను అన్న మాటకు ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మూడు గంటల ప్రాంతంలో, ఎవరో మీట నొక్కినట్టు నొప్పి తగ్గిపోయింది. హాయిగా నిద్రపట్టింది.

తెల్లవారుజామున ముగ్గు వేయడానికి బయలుదేరితే గడప దాటుతుండగా ఎడమ కాలి వేళ్లు తగిలి ముందుకు తూలాను. ముగ్గుపిండి గిన్నె చేజారి వసారా అంతా చల్లుకుంది. నొప్పి లేదన్న సంతోషంలో దాన్ని నేను లెక్కచేయలేదు. స్వామి విన్నాడనే అనుకున్నాను.

పండుగ మూడు రోజులూ గడిచాక, ముందే రాసిచ్చిన ట్రాక్షన్, అంటే నడుమును సాగదీసే చికిత్స, కోసం ఫిజియోథెరపీకి వెళ్లాను. అక్కడ ఉన్నది మా పూర్వ విద్యార్థినుల వయసు అమ్మాయి. నొప్పి పోయిందని నేను చెబుతుంటే ఆమె ముఖం మారింది. "టీచర్ గారూ, చెప్పులు విప్పి మడమల మీద నాలుగు అడుగులు వేయండి" అంది. కుడి పాదం లేచింది, ఎడమది నేలకు అంటుకునే ఉంది. బొటనవేలి మీద తన వేలు ఆనించి పైకి లేపమంది. నేను ఎంత తలుచుకున్నా అది కదలలేదు. ట్రాక్షన్ పెట్టనని చెప్పి, నరాల శస్త్రవైద్యుడికి తానే ఫోన్ చేసి, ఆ పూటే పంపించింది.

ఆ శస్త్రవైద్యుడు తాపీగా వివరించారు. ఇటువంటి నొప్పి ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందట. కానీ నొప్పి తగ్గుతూ బలం కూడా పోతోందంటే అది నయం కావడం కాదు, నరం పనిచేయడం మానేస్తోందని అర్థమట. మూత్రం ఆగుతోందా, కూర్చునే చోట మొద్దుబారిందా అని రెండుసార్లు అడిగారు. అవి ఉంటే గంటలు కూడా ఆగకూడదన్నారు. రెండు రోజులకే ఆపరేషన్ చేసి, జారిన ముక్క తీసేశారు. మరునాడే నడిపించారు.

బొటనవేలు ఉగాదికి కాస్త, వినాయకచవితికి బాగా లేచింది. పాదం పైన, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య స్పర్శ నేటికీ సగమే. మొక్కు మాత్రం మెట్లెక్కే తీర్చుకున్నాం, మధ్యలో ఆరుసార్లు కూర్చుని. పానకం సీసా ఒకటి ఆ అమ్మాయికి తీసుకువెళ్లి ఇచ్చాను.

ఇప్పుడు మా స్టాఫ్ రూములో ఎవరైనా నడుములోంచి కాలికి లాగుతోందంటే, ముందు తలుపు వేసి, చెప్పులు విప్పించి, మడమల మీద నాలుగు అడుగులు వేయిస్తాను.