గ్రాఫులో 'ఇంక్రీజ్': ఐఈఎల్‌టీఎస్ టాస్క్ వన్‌కు నేను సిద్ధమైన పద్ధతి

విదేశాల్లో చదువుకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష అకడమిక్ ఐఈఎల్‌టీఎస్. దాని రైటింగ్‌లో టాస్క్ వన్ అంటే చాలావరకు గ్రాఫో పట్టికో ఇచ్చి, అందులో ఉన్నది మాటల్లో రాయమంటారు. 20 నిమిషాలు, కనీసం 150 పదాలు. ఏ గ్రాఫ్ ఇచ్చినా అందులో ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది, 'ఇంక్రీజ్' నాలుగైదు చోట్ల అవసరపడుతుంది. మార్కుల్లో నాలుగో వంతు పదాల వాడకానికే కాబట్టి ఒకే మాటతో నెట్టుకురావడం కుదరదు. అందుకని కోచింగ్ నోట్సులో రైజ్, గ్రో, క్లైంబ్, సోర్, సర్జ్, రాకెట్ అంటూ బారెడు జాబితా ఇస్తారు. ఏ మాట ఏ వాక్యంలో ఇమడదో మాత్రం అందులో ఉండదు. నేను జాబితా బట్టీ పట్టడం మాని, రాయబోయే వాక్యాన్నే ముందు తెలుగులో అనుకుని మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

తెలుగు ఇక్కడ నిజంగానే కలిసొస్తుంది. మనకు పెరగడం వేరు, పెంచడం వేరు. ఇంగ్లీషు 'ఇంక్రీజ్' రెంటికీ పనికొస్తుంది: 'ప్రైసెస్ ఇంక్రీజ్డ్' అన్నా, 'దే ఇంక్రీజ్డ్ ద ప్రైసెస్' అన్నా తప్పులేదు. దాని బదులు వేరే మాట పెట్టగానే దారి చీలుతుంది. పెరిగితే రైజ్, రోజ్, రిజన్. పెంచితే రెయిజ్, రెయిజ్డ్, మళ్లీ రెయిజ్డ్. 'ప్రైసెస్ రెయిజ్డ్' అని రాస్తే ధరలే ఇంకేదో పెంచినట్టవుతుంది, దేన్ని పెంచాయో చెప్పకుండా వాక్యం ఆగిపోయినట్టూ ఉంటుంది. 'వర్ రెయిజ్డ్' అంటే వ్యాకరణం కుదురుతుంది కానీ అప్పుడు ఎవరో పెంచారన్న అర్థం వచ్చి కూర్చుంటుంది. గ్రాఫు ఆ 'ఎవరో' సంగతి మామూలుగా చెప్పదు. కాబట్టి టాస్క్ వన్‌లో 'రైజ్' చాలు. 'రెయిజ్'ను వ్యాసం రాసే టాస్క్ టూకి దాచుకోవచ్చు, అక్కడ ప్రభుత్వం పన్నులు పెంచాలా వద్దా అన్న తరహా ప్రశ్నలు వస్తాయి.

నిజానికి మార్కులు జారిపోయేది మాటల దగ్గర కాదు, వాటి వెనక వచ్చే చిన్న ముక్కల దగ్గర. మన జనాభా లెక్కలే తీసుకుందాం. దేశంలో అక్షరాస్యత 1991లో సుమారు 52 శాతం, 2001లో సుమారు 65 శాతం. దీన్ని 'రోజ్ ఫ్రమ్ 52 టు 65 పర్సెంట్' అనవచ్చు. పెరిగినంత మేరకే చెప్పాలంటే 'రోజ్ బై 13 పర్సెంటేజ్ పాయింట్స్'. ఇక్కడ 'బై' పోయి 'టు' పడితే అక్షరాస్యత 13 శాతానికి దిగిపోయినట్టే. అదే 'రైజ్'ను నామవాచకంగా వాడితే అంకె ముందు 'ఆఫ్', విషయం ముందు 'ఇన్': 'ఎ రైజ్ ఆఫ్ 13 పాయింట్స్ ఇన్ ద లిటరసీ రేట్'. 'రీచ్డ్' వెనక మాత్రం ఏ ముక్కా రాదు, 'రీచ్డ్ 65 పర్సెంట్' అంతే.

పర్సెంట్‌కీ పర్సెంటేజ్ పాయింట్‌కీ తేడా చాలామంది పట్టించుకోరు. 52 నుంచి 65కి వెళ్తే పెరిగింది 13 పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 52 మీద 13, అంటే 25 శాతం. '13 పర్సెంట్ పెరిగింది' అని రాస్తే లెక్కే తప్పు. చూసింది చూసినట్టు సరిగ్గా చెప్పడానికీ విడిగా మార్కులుంటాయి కనుక ఒక్క మాటకు రెండు చోట్ల దెబ్బ.

మూడింతలు, నాలుగింతలు అయినప్పుడు 'ఇంక్రీజ్' అసలు అక్కర్లేదు. 1951లో 36 కోట్లున్న జనాభా 2011 నాటికి 121 కోట్లు దాటింది: 'మోర్ దేన్ ట్రిపుల్డ్'. రాసేటప్పుడు కోట్లను మిలియన్లలోకి మార్చుకోవాలి, 361 మిలియన్, 1.21 బిలియన్. అంకె వెనక 'మిలియన్స్' అని ఎస్ తగిలించడం మనవాళ్లకు బాగా అలవాటు. అది తీసేయాలి.

ఇక వేగం. సోర్, సర్జ్, రాకెట్ అనేవి గ్రాఫు గీత నిట్టనిలువుగా లేచినప్పుడే. పదేళ్లలో 13 పాయింట్లకు 'సోర్డ్' అంటే అతిశయోక్తి, 'సోర్డ్ స్లైట్‌లీ' అంటే రెండు మాటలూ కొట్టుకుంటాయి. దానికి 'క్లైంబ్డ్ స్టెడిలీ' చక్కగా సరిపోతుంది. కాస్తంత పెరిగితే 'ఎడ్జ్‌డ్ అప్'. ఇన్ని మాటలు గుర్తుండవనుకుంటే చవకైన ఉపాయం ఒకటుంది: ఒక వాక్యంలో 'రోజ్ స్టెడిలీ', ఇంకో వాక్యంలో 'ఎ స్టెడీ రైజ్'. కొత్త మాట అక్కర్లేకుండానే వాక్యం మారిపోతుంది. నా ఓటు దీనికే.

పెరిగిందేమిటో కూడా చూడాలి. జనాభా, గిరాకీ, ఆర్థిక వ్యవస్థ 'గ్రో' అవుతాయి. ధరలకు 'రైజ్' ఉండగా 'గ్రో' ఎబ్బెట్టు. తేడా పెరిగితే 'ద గ్యాప్ వైడెన్డ్'. తెలుగులో 'విద్యార్థులు పెరిగారు' అంటే సంఖ్య అని ఎవరికైనా అర్థమవుతుంది, ఇంగ్లీషులో ఆ సంఖ్యను పైకి చెప్పాలి: 'ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ రోజ్'. 'స్టూడెంట్స్ ఇంక్రీజ్డ్' అని వదిలేయకూడదు. ఏడో బ్యాండ్ (స్కోరు స్థాయి) వర్ణనలోనే ఏ మాట పక్కన ఏది కుదురుతుందో తెలిసి ఉండాలని ఉంది, పరీక్షించేది ఇలాంటి చోట్లే.

మన పేపర్లలో కనిపించే 'హైక్', ఆఫీసు ఉత్తర్వుల్లోని 'ఎన్‌హాన్స్' రెంటినీ పక్కన పెట్టాను. శాలరీ హైక్ మనకు శుభవార్త. బ్రిటన్ వాడుకలో 'హైక్' అంటే ధరో పన్నో ఒక్కసారిగా పెంచేశారన్న చిరాకు ధ్వనిస్తుంది, జీతానికైతే 'పే రైజ్' అంటారు, అమెరికాలో అదే 'రెయిజ్'. 'ఎన్‌హాన్స్' నాణ్యత మెరుగుపడటానికి వాడాల్సిన మాట, ఫీజుకు కాదు.

ఇదే పరీక్షలో మాట్లాడే భాగమైన స్పీకింగ్‌లో ఈ సరంజామా అంతా దించేయాలి. మాట్లాడేటప్పుడు 'ఇంక్రీజ్' కూడా కొంచెం బిగుసుకున్నట్టే ఉంటుంది. ధరలు, షుగరు, బీపీ 'గాన్ అప్'. అద్దె పెంచితే 'పుట్ అప్ ద రెంట్'. బరువు పెరిగితే 'పుట్ ఆన్ వెయిట్', టీవీ సౌండు పెంచాలంటే 'టర్న్ ఇట్ అప్', పిల్లాడు ఎత్తు పెరిగితే 'గాట్ టాలర్'. పిల్లల్ని పెంచడం 'రెయిజ్' లేదా 'బ్రింగ్ అప్', మొక్కల్ని పెంచడం 'గ్రో'. తెలుగులో ఒక్క పెంచడంతో అన్నీ గడిచిపోతాయి కాబట్టి వీటిని విడివిడిగా నోటికి అలవాటు చేసుకోక తప్పదు. 'ఇంక్రీజ్' అనాల్సి వచ్చినా, నామవాచకమైతే మొదటి 'ఇన్' మీద, క్రియ అయితే 'క్రీజ్' మీద ఒత్తు పడాలి. ఆ చివరి ధ్వని కూడా మనం రాసే 'జ' కాదు, 'స'.