పొగ లేని బండికి కూత

పడుకుందామనే అనుకున్నాను. పదకొండున్నర దాటింది, ఈయన గురక మొదలెట్టి గంటయింది. పెద్దోడి ట్యూషన్ గొడవ ఏమైందని అడిగినవాళ్ళకి రేపు చెప్తాను. ముందు ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

అక్క కొడుకు ఫ్రెండ్స్‌తో ఊటీ వెళ్ళాడు. పొద్దున్న ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టాడు. నీలం పెట్టెలు, పచ్చటి కొండ, మలుపు. వెనకాల చుక్‌చుక్ చప్పుడు, మధ్యలో పొడుగాటి కూత. మధ్యాహ్నానికి గ్రూపు నిండా లవ్ సింబళ్ళు. అత్తయ్య కూడా ఓ దండం పెట్టేశారు, దేనికో మరి.

అది డీజిలు ఇంజను! కళ్ళెదుట కనిపిస్తోంది. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకానే ఆవిరి ఇంజను, అక్కణ్ణుంచి ఊటీకి మామూలుగా డీజిలే లాగుతుంది. వీళ్ళు ఎక్కింది కూనూరులో. అంటే పొగ లేని బండికి వీడు ఎక్కడిదో చప్పుడు తెచ్చి అతికించాడు. అదీ ఏ ఇంగ్లీషు సినిమాలోదో. ఆవిరి కూత అంత శుభ్రంగా మొదలవదు. గొట్టంలో నిలిచిన నీళ్ళు ముందు తుంపర్లుగా కక్కుకుని, కాస్త బొంగురుపోయి, అప్పుడు గొంతు తేరుకుంటుంది.

విడిగా మెసేజ్ పెట్టాను. "నాన్నా, అది డీజిలు బండి కదా" అని. "ఫీల్ కోసం పిన్నీ" అన్నాడు. పక్కన పళ్ళికిలించే బొమ్మ.

ఫీల్ అట. వంట చేస్తున్నా అదే, బట్టలు మడతపెడుతున్నా అదే. ఆ మేట్టుపాళయం ఇంజనుకి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలకి, రెండు పట్టాల మధ్య ఉండే పళ్ళ కడ్డీని పట్టుకుని ఎక్కే పళ్ళ చక్రాలకి. దాని ఆయాసమే వేరు. ఆ దారి వీడికి టికెట్ దొరక్కపోతే దొరకలేదని చెప్పొచ్చుగా?

అసలు ఒక పాత ఇంజనుని మళ్ళీ నడపడమంటే బొగ్గు వేసి అగ్గిపుల్ల గీయడం కాదు. ఫెయిరీ క్వీన్ అనే పాత ఆవిరి ఇంజనునే చూడండి. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో పుట్టింది. ఎన్నో ఏళ్ళు మ్యూజియంలో ఊరకే నిలబడింది. దాన్ని బాగుచేసి 1997లో ఢిల్లీ నుంచి అల్వార్‌కి టూరిస్టు బండిగా నడిపారు. 2011లో దాని సామాన్లు ఎవరో ఊడబీక్కుపోయారు. పెరంబూరు వర్క్‌షాపులో మళ్ళీ అతుకులు వేసి, అది తిరిగి పట్టాలెక్కేసరికి 2017. ఇంత పాటుపడితే గానీ రాని కూతని వీడు ఫోన్‌లో రెండు నొక్కులతో తెచ్చేశాడు.

తాతయ్య ఉంటే ఏమనేవాడో. మా అమ్మ వాళ్ళ నాన్న, శ్రీకాకుళం వైపు నౌపడ రైలు షెడ్డులో ఫైర్‌మ్యాన్, అంటే ఇంజనులో బొగ్గు వేసి మంట చూసుకునేవాడు. కుక్కర్ మూత మీద సేఫ్టీ వాల్వు ఉంటుందే, నీళ్ళు అయిపోతే కరిగి ఆవిరి వదిలేసేది, అది చూపించి చెప్పేవాడు. ఇంజనులో మంట పెట్టే పెట్టె పైకప్పుకీ అలాంటి బిళ్ళే ఉంటుందట. పైన నీళ్ళు తగ్గితే లోపలి సీసం కరిగిపోయి ఆవిరి మంట మీదకి దూకుతుంది. అది కరిగిందంటే ఫైర్‌మ్యాన్ పరువు పోయినట్టే. అందుకే బొగ్గు వేస్తున్నా ఓ కన్ను నీటిమట్టం చూపించే గాజుగొట్టం మీదే. చల్లారిన ఇంజనుని తొందరపడి మండించకూడదు, ఒకచోట సాగి ఒకచోట సాగక ఇనుము చీలుతుంది. తెల్లారి బండికి అర్ధరాత్రి దాటగానే లేచి వెళ్ళేవాడు.

తాతయ్య పనిచేసిన ఆ చిన్న బండి గురించి ఇదివరకు రాశాను కదా. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. తర్వాత గుణుపూరు దాకా పొడిగించారు, మొత్తం తొంభై కిలోమీటర్లు.

నాకు ఆరో ఏడో ఏళ్ళప్పుడు ఎక్కాను. కిటికీలోంచి తల బయటపెట్టాను, కంట్లో నుసి పడింది. ఏడుపు. బండి టెక్కలిలో ఆగితే తాతయ్య ఇంజను దిగి వచ్చి, తువ్వాలు కొస నోట్లో తడిపి, నా కనురెప్ప పైకెత్తి తీశాడు. ఆయన వేలు గరుకుగా ఉంది, బొగ్గు వాసన, చెమట వాసన. ఏడుపు ఆపడానికి పార మీద కాల్చిన చిలగడదుంప చేతిలో పెట్టాడు. పైన నల్లగా మాడిపోయి, విరిస్తే లోపల పసుపుపచ్చగా పొగలు కక్కుతూ. దుంప తింటూ ఏడుస్తున్నాను, ఏడుస్తూ తింటున్నాను. ఇది గ్రూపులో పెట్టి వాడికి బుద్ధి చెప్దామనుకున్నాను.

పెట్టేముందు, సాక్ష్యానికి అన్నట్టు, అమ్మకి ఫోన్ చేశాను.

"నీ కంట్లో నుసేటే? పడింది నా కంట్లో," అంది. "ఏడేళ్ళు నాకు. నువ్వు పుట్టినప్పటికే మీ తాత రిటైరయిపోయేడు. నువ్వా బండి ఎక్కింది ఒక్కసారే, పర్లాకిమిడి పెళ్ళికి. అప్పటికి డీజిలే కదేటి."

ఆ పెళ్ళి గుర్తుంది. 2003, నేను ఇంటరు. మరుసటి ఏడాదే పెద్ద లైను కోసం చిన్న బండి ఆపేశారు. కానీ అది నా రెండో ప్రయాణం అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. మొదటిది అసలు లేనే లేదట. అమ్మ చెప్పగా చెప్పగా వినీ వినీ ఆ కన్ను నాదనుకున్నానన్నమాట. మరి ఆ వేలు గరుకు? దుంప వేడి? ఇప్పటికీ అరచేతికి తెలుస్తోందే!

"గుంటడు ఏదో సరదాకి పెట్టేడు, ఒగ్గేయ్," అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

వాడు చేసింది తప్పని ఇప్పుడూ అంటాను. కాకపోతే ఇందాకటంత గట్టిగా అనలేను. వాడికి కనీసం తను అతికించానని తెలుసు.

2003 ప్రయాణంలో ఏం గుర్తుందా అని ఇందాకట్నుంచి వెతుక్కుంటున్నాను. కిటికీ కమ్మీ ఎండకి కాలడం. అమ్మ పట్టుచీర నలిగిందని గోల. ఎవరిదో కోడి సీటు కింద. ఇంజను ఎలా మోగిందో మాత్రం బొత్తిగా గుర్తు లేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ చోట బొగ్గు ఇంజను కూతే వస్తోంది.

వాడి వీడియో సౌండ్ తీసేసి మళ్ళీ చూశాను. మలుపులో బండి, కిటికీలోంచి వాడి చెయ్యి. డీజిలు ఇంజనుకీ ఓ హారన్ ఉంటుంది కదా. వీడు దాని మీద కూత అతికించేముందు అసలుది ఉంచాడో చెరిపేశాడో. ఉంటే పంపమని మెసేజ్ పెట్టాను. ఇంకా ఒక్క టిక్కే ఉంది.