గయలో అమ్మకు పదహారు పిండాలు

అమ్మ సంవత్సరీకాలు అయ్యాక నాన్నని గయ తీసుకెళ్లాను. నాయనమ్మ కోసం నేనూ వస్తానని మా అమ్మాయి కాలేజీకి సెలవు పెట్టి మరీ బయల్దేరింది. కాశీ నుంచి గయ దాదాపు 250 కిలోమీటర్లు. దారంతా లారీలే, చెప్పుకోవడానికి ఇంకేం లేదు.

నాన్నకి మాత్రం ఒకటే టెన్షన్. తండ్రి బతికుండగా కొడుకు గయలో పిండం పెట్టొచ్చా అని. అక్కడ కుదిరిన పంతులుగారు తెలుగాయనే. "అమ్మ వరకు పెట్టొచ్చండీ, శాస్త్రంలోనే ఉంది" అన్నాక గాని ఆయన కుదుటపడలేదు.

ఫల్గు నదంటే ఇసుకే అనుకుంటూ పెరిగాను. సీతమ్మ దశరథుడికి ఇసుకతో పిండం పెడితే, నది అబద్ధపు సాక్ష్యం చెప్పిందట. అందుకని ఆవిడ 'భూమి లోపలే పారు' అని శపించిందట. ఈ కథ చెప్పింది అమ్మే. 2022లో రబ్బరు డ్యామ్ కట్టారు కాబట్టి ఇప్పుడు విష్ణుపాదం దగ్గర రేవులో నీళ్లు నిలబడి ఉన్నాయి. "అయితే శాపం తీరిపోయినట్టేనా?" అంది మా అమ్మాయి. నాయనమ్మ ఉంటే దానికీ ఓ కథ అల్లేసేది. నరసాపురం మనిషి, లేసు అల్లినంత సులువుగా కథలు అల్లేది.

అమ్మకి ప్రత్యేకంగా పెట్టేవి పదహారు పిండాలు, మాతృ షోడశి అంటారు. ఒక్కో పిండానికి ఒక్కో శ్లోకం. కడుపులో మోసినప్పటి బాధకి ఒకటి, పురిటి నొప్పులకి ఒకటి, బాలింతగా తాగిన చేదు కషాయాలకి ఒకటి, రాత్రిళ్లు బిడ్డ తడిపిన గుడ్డల్లోనే పడుకున్నందుకు ఒకటి. పంతులుగారు శ్లోకం చదివి తెలుగులో అర్థం చెబుతుంటే చేతిలో పిండి ముద్ద కట్టడం కష్టమైంది. ఇవన్నీ నా కోసం ఆవిడ పడ్డవే, కానీ నాకు ఒక్కటీ గుర్తులేదు. గుర్తుండే వయసు కాదుగా.

గుర్తున్నది నాన్నకి. పక్కనే పీట మీద కూర్చుని, "నిజమేరా, నీకు జ్వరమొస్తే మూడు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు", "ఆ కషాయం నేనే కాచాను, మాడ్చేశాను కూడా" అంటూ మధ్యమధ్యలో అందుకున్నాడు. పంతులుగారు విసుక్కోకుండా ఆగారు. మంత్రం కన్నా నాకు ఆ మాటలే ఎక్కువ ఆనాయి. పెళ్ళాం గురించి ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

విష్ణుపాదం గుడిలో తోపులాట. ఇప్పుడున్న గుడి 1787లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. రాతి మీద పాదం, చుట్టూ వెండి తొడుగు. పిండాలు పాదం మీద పెట్టి ఒక్కసారి తాకేలోపే వెనకవాళ్లు ముందుకు నెట్టేశారు.

చివర్లో అక్షయవటం అనే మర్రిచెట్టు. అక్కడ ఒక కాయా, ఒక పండూ వదిలేయాలి, జన్మలో మళ్లీ తినకూడదు. చాలామంది ఇష్టం లేనివే వదిలేస్తారు. మా చుట్టాల్లో కాకరకాయ వదిలినవాళ్లే ఎక్కువ. నేనూ పొట్లకాయతో సరిపెడదామనుకున్నాను. నాన్న తడుముకోకుండా "పనసకాయ" అన్నాడు. ఆయనకి ప్రాణమైన కూర పనసపొట్టు. అమ్మ చేతిదే తినేవాడు, బయట ఎక్కడ పెట్టినా వంకలు పెట్టేవాడు. "అదెందుకు నాన్నా" అంటే, "ఇంకెవరు కొడతారు పొట్టు?" అన్నాడు.

కారెక్కాక మా అమ్మాయి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి తాతగారి ముందు పెట్టింది.

"తాతయ్యా, నాయనమ్మ ఆ కూరలో ఆవ ఎప్పుడు పెట్టేది?"

"దించాక, కాస్త చల్లారాక. పొయ్యి మీదుండగా వేస్తే చేదొస్తుంది. మీ నాన్నకి అప్పగించకు, వాడికి అంత ఓపిక లేదు."