గుడి నీళ్లల్ల ఉన్నదా బిడ్డా?

రామప్ప గుడి మీద బడిపిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్న. మొదటి ప్రతి ఇట్ల మొదలైంది:

"కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని అయిన రేచర్ల రుద్రునిచే 1213లో పాలంపేటలో నిర్మించబడి, నీటిపై తేలే ఇటుకలకు ప్రసిద్ధి చెంది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చబడిన ఈ ఆలయం మనందరికీ గర్వకారణం."

ఇందుల తప్పు సమాచారం లేదు. పొద్దుమీకి అరుగు మీద కూసొని బాపుకు చదివి వినిపించిన. బాపు వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఏండ్లకేండ్లు మిర్చి బస్తాలు మోసిన మనిషి.

"ఇటుకలు తేలుతయంటున్నవ్. గుడి నీళ్లల్ల ఉన్నదా బిడ్డా? తేలితే ఏం లాభం?"

అసలు సంగతే నేను రాయలేదు. ఆ ఇటుకలు ఉన్నది శిఖరంల. పైన తేలికగ ఉంటే కింది రాతి గోడల మీద, ఇసుక నింపిన పునాది మీద భారం తగ్గుతది. అది చెప్పంగనే బాపు భుజం తడుముకున్నడు. "అట్ల చెప్పు మరి" అన్నడు.

మళ్ల అడిగిండు: "కట్టిందెవలు?"

"రేచర్ల రుద్రుడు."

"ఆయన కట్టించిండు. కట్టినోళ్లెవలు?"

కట్టుడు వేరు, కట్టించుడు వేరు. మన భాషల ఒక్క అక్షరంతోని తెలిసిపోయే ఈ తేడాను నా 'నిర్మించబడి' మింగేసింది. ఇంట్ల ఎవరన్న "బస్తా ఎత్తబడింది" అంటరా? ఎత్తినోడు ఉంటడు, ఎత్తించినోడు ఉంటడు. పలుకుబడుల భాషనే రాయాలని కొట్లాడిన కాళోజీ బతికిన హన్మకొండల ఉండి, కలం పట్టంగనే నా చేతికి సర్కారు కాయితాల భాష వస్తున్నది. దీన్ని పట్టుకొని దిద్దుకోవాలె.

ఇంకో చిక్కు, తెలుగుల క్రియ చివర్ల వస్తది. ముందు ఎన్ని ముక్కలు పేర్చితే చదివేటోళ్లు అన్నింటినీ మోసుకుంట చివరిదాక నడవాలె. అందుకే ఆ ఒక్క వాక్యాన్ని విడగొట్టిన:

"రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఆయన కాకతీయ గణపతిదేవుడి సేనాని. గుడి శిఖరాన్ని ఇటుకలతో కట్టారు. ఆ ఇటుకలు నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. అందుకే కింది గోడల మీద బరువు తగ్గింది."

యునెస్కో సంగతి చివరికి జరిపిన. 'గర్వకారణం' కొట్టేసిన. శిఖరం సంగతి తెలిసిన పిల్లలకు గర్వం దానంతటదే వస్తది.

బాపు రెండో ప్రశ్నకు ఇంక జవాబు రాయలేదు. గుడికి ఒక శిల్పి పేరు నిలిచిందని చెప్తరు. గుడికున్న నల్లరాతి మదనికలను, అంటే ఆడమనుషుల శిల్పాలను, చెక్కిన మిగతా చేతుల గురించి ఒక పేరా కావాలె. ఈ రాత్రి దానికే కూసుంటున్న.