నలభై మూడో ఫైలు

ఆ లోగో ఫైళ్లు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. 'ఫైనల్ 1' నుంచి 'ఫైనల్ 43' దాకా. పన్నెండో దానికీ నలభై మూడో దానికీ తేడా ఏమిటో ఇవాళ చూస్తే నాకే తెలియడం లేదు. చేసేటప్పుడు మాత్రం ఒక్కో ఫైలూ నా ప్రాణం తీసింది.

పని చిన్నదే. ఒక గుండ్రటి గుర్తు, దాని పక్కన చదరపు గుర్తు, కింద సంస్థ పేరు. వృత్తాన్నీ చదరాన్నీ సరిగ్గా ఒకే ఎత్తులో గీస్తే వృత్తమే చిన్నగా కనిపిస్తుంది. అందుకే దాన్ని పైనా కిందా కాస్త బయటికి జరుపుతాం. ఎంత జరపాలన్నది స్కేలు చెప్పదు, కన్ను చెప్పాలి. పదకొండేళ్లు ఆ కన్నునే నమ్ముకుని బతికాను. ఆ రెండు నెలల్లో దాని మీద నమ్మకం పోయింది. ఒక పిక్సెల్ పెంచితే ఎక్కువైందనిపించేది, తగ్గిస్తే బోసిగా అనిపించేది. ప్రింట్ తీసి గోడకు అంటించి గది చివర నుంచి చూసేవాణ్ణి. బొమ్మను తలకిందులు చేసి చూసేవాణ్ణి. రాత్రి పదకొండింటికి బాగుందనుకున్నది తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే సిగ్గేసేది.

లోపల ఒక గొంతు ఆగేది కాదు. 'ఇదీ ఒక పనేనా? నీకు రాదు. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చావు, ఈసారి దొరికిపోతావు.' చదువుకునే రోజుల నుంచీ వింటున్న మాటలే. అవే నన్ను ఇంతవాణ్ణి చేశాయని కూడా నమ్మేవాణ్ణి. తిట్టుకోవడం ఆపితే చెయ్యి పడిపోతుందని నా భయం.

ముందు దవడ నొప్పి వచ్చింది, నిద్రలో పళ్లు బిగబడుతున్నానట. తర్వాత మెడ, తర్వాత గుండె దడ. మెయిల్ వచ్చిన చప్పుడు వింటే చేతులు చల్లబడేవి. గడువు రోజుకి నలభై మూడు ఫైళ్లున్నాయి, ఒక్కటీ పంపలేదు. ఫోన్ ఆపేసి పడుకున్నాను. మర్నాడూ లేవలేదు. మూడో రోజు అక్క వచ్చి తలుపు కొట్టింది. నన్ను చూసి, "ఒరేయ్, స్నానం చేసి ఎన్ని రోజులైందిరా?" అంది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మామూలు డాక్టర్ గారు ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్షలు చేయించారు. అన్నీ నార్మల్. ఆయనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. అక్కడ డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, గత రెండు వారాల సంగతి మాత్రమే అడుగుతుంది. 27కి నాకు 18 వచ్చింది. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్క పక్కనే ఉందని సున్నా పెట్టబోయాను, పెన్ను కదల్లేదు. 1 పెట్టాను. డాక్టర్ గారు అక్కను కాసేపు బయట కూర్చోమని నన్ను సూటిగా అడిగారు. చచ్చిపోవాలని లేదు గానీ రేపు నిద్ర లేవకపోతే బాగుండునని ఉంది, అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఊపిరాడింది. మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే, దయచేసి ఆ గడిలో నిజమే రాయండి.

డిప్రెషన్, దాంతోపాటు యాంగ్జయిటీ అన్నారు. ఆ రెంటికీ వాడే ఎస్సిటలోప్రామ్ అనే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 10 చేశారు. మొదటి వారం కడుపులో తిప్పింది, దడ ఇంకా పెరిగినట్టనిపించింది. ఇలా ఉండొచ్చని ముందే చెప్పారు కాబట్టి మానలేదు. నాలుగో వారంలో ఒకరోజు లేచి చూస్తే ఐదున్నర. మూడింటికి మెలకువ రాని రాత్రి రెండు నెలల్లో అదొక్కటే.

పర్‌ఫెక్షనిజం, అంటే ఏ లోపమూ లేకుండా ఉండి తీరాలన్న పట్టుదల, ఆ పేరుతో విడిగా జబ్బు లేదు, కానీ మీ జబ్బును పోనివ్వకుండా పట్టుకున్నది అదే, అన్నారు మాటలతో చికిత్స చేసే సైకాలజిస్టు మేడమ్. షఫ్రాన్, కూపర్, ఫెయిర్‌బర్న్ అనే పరిశోధకులు 2002లో వివరించిన తీరును కాగితం మీద బాణాలతో గీసి చూపించారు. ఇలాంటి మనిషి తన విలువంతా తాను పెట్టుకున్న ప్రమాణానికే ముడిపెడతాడు. అందకపోతే తిట్టుకుంటాడు. అందితే, ఇది తేలిక కాబట్టే అందిందని దాన్ని ఇంకా పైకి జరుపుతాడు. ఆ రెండో బాణం దగ్గర నా చూపు ఆగిపోయింది. ఒక పోస్టరుకి బహుమతి వచ్చిన రాత్రి, అందులో రెండు అక్షరాల మధ్య ఖాళీ సరిగ్గా లేదని గదిలో కూర్చుని ఏడ్చాను. ఈసారి మంచి పనులు రాలేదులే, అందుకే ఇచ్చారు అని అక్కతో అన్నాను కూడా.

ఏడో సెషన్‌లో హోంవర్క్ ఇచ్చారు. చిన్న పని ఒకటి రెండు గంటల్లో ముగించి, ఒక తప్పు తెలిసీ ఉంచి పంపాలి. పంపే ముందు ఏమవుతుందనుకుంటున్నానో రాయాలి. స్నేహితుడి కూతురి పుట్టినరోజు కార్డు తీసుకున్నాను. ఒక వరుసను మిగతావాటికంటే రెండు పిక్సెళ్లు కుడికి వదిలేశాను. 'చూడగానే పట్టుకుంటాడు, 90 శాతం. నా భయం 100కి 85' అని రాసి, ఇరవై నిమిషాలు కూర్చుని, పంపాను. గంట తర్వాత కూడా 85. సాయంత్రానికి 60. పడుకునేటప్పుడు 40. పొద్దున మెసేజ్: "భలే ఉందిరా, పాప ఫోన్ వదలడం లేదు." సంతోషమే, కానీ నాకు ఆ 40 అంకె ఎక్కువ ముఖ్యం. నేను దేన్నీ సరిదిద్దకుండానే భయం తనంతట తాను దిగింది. అంతకుముందు దడ మొదలవగానే ఫైలు తెరిచేసేవాణ్ణి, దిగే వ్యవధే దానికి ఇవ్వలేదు.

గొంతు సంగతి అంత తొందరగా తేలలేదు. నా దగ్గర పనిచేసే కుర్రాడి డిజైన్ మీద నేను రాసిన సూచనలు తెమ్మన్నారు మేడమ్. 'పేరు చుట్టూ ఖాళీ కొంచెం పెంచు, గాలాడుతుంది. రంగు బాగా కుదిరింది' అని ఉంది. ఇప్పుడు మీకు మీరు చెప్పుకునే మాటలు ఆ అబ్బాయికి చెబుతున్నట్టు పైకి అనండి, అన్నారు. 'నీకు రాదు' దగ్గరే ఆగిపోయాను. "అన్నా, ఇది చూడన్నా" అంటూ వచ్చే ఆ పిల్లాడి ముఖం కళ్ల ముందు కనిపించింది. మిగతాది అనలేకపోయాను. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు చూశాను. మొదటిదాంట్లో చెయ్యాల్సిన పని ఉంది. రెండోదాంట్లో ఎక్కడ ఏం జరపాలో ఒక్క మాటా లేదు. ఇరవై ఏళ్లుగా నేను విమర్శ అనుకుంటున్నది విమర్శే కాదు.

ఐదు నెలలకు ఆ 18 కాస్తా 6కి వచ్చింది. మందు మాత్రం ఆ తర్వాత తొమ్మిది నెలలు వాడించి, మెల్లగా తగ్గించి ఆపారు. మధ్యలో ఒకసారి నా అంతట నేనే మానేసి నాలుగు రోజులు తల తిరిగి అవస్థపడ్డాను, ఆ పని చెయ్యకండి.

పోయిన ఏడాది నిజంగానే తప్పు చేశాను. పోస్టరు మీద సంస్థ పేరులో ఒక వత్తు ఎగిరిపోయింది. ఐదు వందల కాపీలు అచ్చయ్యాక చూశారు. ఫోన్ రాగానే చేతులు చల్లబడ్డాయి, దవడ బిగుసుకుంది, గొంతు కూడా వచ్చింది. తప్పు నాదేనండీ అన్నాను. మళ్లీ అచ్చు వేసే ఖర్చు పెట్టుకుంటానన్నాను. "నేనూ చూశాను కదన్నా, నాకూ కనపడలేదు" అన్నాడు కుర్రాడు. అచ్చుకు వెళ్లే ముందు పేర్లన్నీ బయటి మనిషి ఒకరి చేత పైకి చదివించాలని ఇద్దరం ఒక చీటీ రాసి గోడకు అంటించాం. ఆ రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్ మాత్రం తెరవలేదు. పొద్దున అక్కను పిలిచి పేరు చదివించి, సవరించిన ఫైలు పంపేశాను. దాని పేరు 'ఫైనల్ 2'.