ఆదివారమంతా కారు కింద

ఈ పాత కారు కొన్నప్పుడు చేతికొచ్చిన కాగితాల కట్టలో ఒక బిల్లు ఉంది. ముందు చక్రాల బ్రేకు డిస్కులు, వాటిని నొక్కి పట్టే ప్యాడ్లు కొత్తవి వేసినట్టు అందులో రాసి ఉంది. ఆ బిల్లు మీది కిలోమీటర్ల అంకెకూ ఇప్పుడు మీటరు చూపిస్తున్నదానికీ తేడా 9 వేలు మాత్రమే. అంత కొద్ది దూరానికే డిస్కు పాడవకూడదు. అయినా 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోంది. అదొక్కటే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదేమో. ఆగిన చోటు నుంచి బండి కదిలించేటప్పుడు, క్లచ్ సగం వదిలేసరికి, కారు మొత్తం గడగడా అదురుతోంది కూడా. ఫోను చేసి అడిగితే అమ్మినాయన రెండింటికీ కలిపి ఒకటే మందు చెప్పారు: "పాత బండి కదండీ, డిస్కులు, క్లచ్ ప్లేటు మార్పించుకోండి, సరిపోతుంది."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఒకసారి మార్చిన డిస్కే మళ్లీ వణుకుతుంటే ఇంకోసారి మార్చి ఏం లాభం? డిస్కుకు ఆ గతి పట్టించినది వేరే ఏదో ఉండాలి. దాన్ని పట్టుకోవడానికే తమ్ముణ్ణి పొద్దున్నే రమ్మన్నాను. స్పానర్లు వాడి చేతిలో బాగా మాట వింటాయి. కొలవడం, రాసుకోవడం నా వంతు.

ముందు రోడ్డు మీదికి వెళ్లాం. నట్టు విప్పకుండా తెలుసుకోగలిగినది చాలా ఉంటుంది, దాన్ని దాటేసి నేరుగా జాకీ ఎత్తేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాహనాలు లేని తిన్నని రోడ్డు, తడి లేదు. 80లో బ్రేకు జోలికి పోకుండా నడిపితే స్టీరింగు నిమ్మళంగానే ఉంది. చక్రాల బ్యాలెన్సింగు తప్పినా, రిమ్ము సొట్టపోయినా, టైరు ఉబ్బినా బ్రేకు వేయకుండానే వణుకు రావాలి. కాబట్టి అవన్నీ పక్కకు వెళ్లాయి. మెల్లగా బ్రేకు తొక్కగానే వణుకు మొదలైంది.

"అక్కా, నా సీటు కింద ఏమీ తెలియడం లేదు. నీ చేతుల్లోనే ఉంది అదంతా," అన్నాడు తమ్ముడు.

వాడు చెప్పినది ముఖ్యమైన సంగతి. ముందు చక్రాల జబ్బు స్టీరింగులో తెలుస్తుంది, వెనక చక్రాలది ఎక్కువగా సీటులో, నడుము కింద తెలుస్తుంది. అయినా ఖాయం చేసుకుందామని వేగం బాగా తగ్గించి, హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కి పట్టుకునే దాన్ని కొద్దికొద్దిగా లాగాను. అది వెనక డ్రమ్ములనే పట్టుకుంటుంది కదా. కారు ఏ వణుకూ లేకుండా నెమ్మదించింది. బొత్తాం వదలకూడదు, ఒక్కసారిగా లాగకూడదు, వెనక ఎవరూ ఉండకూడదు. ఈ మూడూ కుదరని చోట ఈ పరీక్ష జోలికే వెళ్లకూడదు. తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కి, ఇంజనును చక్రాల నుంచి విడదీసి బ్రేకు వేసినా వణుకు అలాగే ఉంది. అంటే ఇంజనుకు సంబంధం లేదు.

ఇక్కడ కాస్త లెక్క కూడా వేశాను. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 22 మీటర్లు. మా టైరు చుట్టుకొలత 1.9 మీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే చక్రం సెకనుకు పదకొండు, పన్నెండు చుట్లు తిరుగుతోంది. 40కి దిగేసరికి అది సగమవుతుంది. వణుకు కూడా సరిగ్గా అలాగే మందగిస్తూ వచ్చింది. చక్రంతో పాటు తాళం వేసే వణుకు చక్రానిదే.

క్లచ్ అదురు ఈ లెక్కకు లొంగలేదు. ఆగిన కారును కదిలించేటప్పుడు, చక్రం ఇంకా సగం చుట్టయినా తిరగకముందే అదురు వచ్చేస్తోంది. తిరగని చక్రం అంత వేగంగా ఎలా అదిరిస్తుంది? పెడలు నుంచి కాలు పూర్తిగా తీసేయగానే అదురు ఠక్కున ఆగిపోతోంది. మొదటి గేరులో ఉంది, రివర్సులో, అందులోనూ ఎగువకు వెనక్కి వెళ్లేటప్పుడు మరీ ఎక్కువ. మూడో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటరు నొక్కుతూ పోతే ఏ కుదుపూ లేదు, కాబట్టి ఇంజనులో మంట సరిగా అందకపోవడం కాదు. నాలుగో గేరులో గట్టిగా నొక్కినా ఇంజను ఒక్కటే పరుగెత్తి కారు వెనకబడటం జరగలేదు, అంటే ప్లేటు అరిగి జారడమూ కాదు. ప్లేటు మార్చడానికి సాధారణంగా చెప్పే కారణం అరుగుదలే. అది ఇక్కడ లేదు.

ఇంకొకటి గమనించాను. రాత్రంతా నిలిపిన కారు పొద్దున మొదట కదిలేటప్పుడు అదురు దాదాపు లేదు, వేడెక్కే కొద్దీ పెరిగింది. క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం, అంటే ఫ్లైవీల్ మీద తేమకు పట్టిన సన్నని తుప్పు వల్ల వచ్చే అదురు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది పొద్దున ఉండి కాసేపటికి పోతుంది, దానికి మందే అక్కరలేదు.

ఇంటికొచ్చాక ముందు చక్రాల నట్లు వదులు చేయడం దగ్గరే సగం కథ బయటపడింది. ఎడమ చక్రానికి ఒక నట్టు మామూలు రెంచితోనే వదిలింది, దాని పక్కదానికి పొడవాటి పైపు తొడిగి తమ్ముడు బరువంతా వేయాల్సి వచ్చింది. ఎవరో గాలి గన్నుతో ఇష్టం వచ్చినట్టు బిగించారు. డిస్కు హబ్బుకూ (చక్రాన్ని బిగించే, దానితో పాటు తిరిగే ఇనుప దిమ్మ) చక్రానికీ మధ్య నలిగి కూర్చుంటుంది. నట్ల బిగువు సమంగా లేకపోతే అది ఒక పక్కకు లాగినట్టవుతుంది. మరమ్మతు పుస్తకంలో మా కారుకు 110 న్యూటన్ మీటర్లని ఉంది, అదీ వరసగా కాక ఎదురెదురు నట్లుగా బిగించాలి.

వెనక చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ముందు భాగం స్టాండ్ల మీద నిలిపాం. కేవలం జాకీని నమ్ముకుని కారు కింద తల పెట్టడం నేను ఒప్పుకోను, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. చక్రం తీశాక నట్లను వాషర్లతో తిరిగి బిగించి డిస్కును హబ్బుకు అదిమి పట్టాం. లేకపోతే కొలత అబద్ధం చెబుతుంది. వెంట్రుకవాసి కదలికనూ ముల్లుతో చూపించే డయల్ గేజి మొనను డిస్కు అంచుకు 10 మిల్లీమీటర్ల లోపల ఆనించి డిస్కును చేత్తో నెమ్మదిగా తిప్పాను. కుడి డిస్కు పక్కవాటు ఊగు, అంటే తిరిగేటప్పుడు పక్కలకు కదిలే మేర, 0.04 మిల్లీమీటర్లు. ఎడమది 0.13. పుస్తకంలోని హద్దు 0.06.

డిస్కు విప్పి చూస్తే కారణం కంటి ముందే ఉంది. హబ్బు ముఖం మీద ఒక వైపు తుప్పు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. కొత్త డిస్కును ఆ తుప్పు మీదే పెట్టి బిగించేశారు. హబ్బు దగ్గర వెంట్రుక మందమైనా లేని ఎత్తు, డిస్కు అంచుకు వెళ్లేసరికి రెట్టింపుకు మించుతుంది. తమ్ముడు ఇనుప బ్రష్షుతో, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాడు. అదే డిస్కు మళ్లీ పెట్టి కొలిస్తే 0.05.

అయితే వణుకు అంతటితో పోదు, అసలు విషయం ఇక్కడే ఉంది. కొత్తగా బిగించిన రోజున ఆ ఊగు ఎవరికీ తెలిసి ఉండదు, ఎందుకంటే ప్యాడ్లను పట్టుకుని ఉండే క్యాలిపర్ దానితో పాటు కాస్త అటూ ఇటూ జరిగి సర్దుకుపోతుంది. కానీ బ్రేకు వేయనప్పుడు కూడా డిస్కు ఎత్తైన చోటు ప్రతి చుట్టులోనూ ప్యాడుకు తగిలీ తగలనట్టు రాసుకుంటుంది. బయటి ముఖం మీద ఒక చోట, లోపలి ముఖం మీద దానికి సరిగ్గా అర చుట్టు అవతలి చోట. వేల కిలోమీటర్ల పాటు అలా రాసుకుని ఆ చోట్లు పలచబడతాయి. అప్పుడిక బ్రేకు తొక్కితే మందమైన చోటు వచ్చినప్పుడల్లా ప్యాడును నొక్కే పిస్టను వెనక్కి నెట్టుకుంటుంది, బ్రేకు ద్రవంలో ఒత్తిడి పెరుగుతుంది, పలచని చోట తగ్గుతుంది. పట్టు అలా పెరిగి తగ్గడమే చేతిలో తెలిసే వణుకు. మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ అక్కడక్కడా కొలిచాను. కుడిదానిలో తేడా 0.01కి మించలేదు. ఎడమది 21.46 నుంచి 21.49 దాకా ఉంది, అంటే 0.03. మిల్లీమీటరులో వందో వంతుల లెక్క ఇది, అయినా అరచేతులు పట్టేస్తాయి.

డిస్కు వేడికి వంగిపోయిందని అందరూ అంటారు. పోత ఇనుప డిస్కు మామూలు వాడకంలో అంత తేలికగా వంగదు. ఇలా మందం మారడమో, బాగా వేడెక్కిన ప్యాడు పదార్థం ఒక చోట అంటుకుపోవడమో చాలా సార్లు అసలు కారణమవుతుంది. మా డిస్కు కొత్తప్పుడు 22, దాని అంచు మీద చెక్కిన కనీస మందం 20. ఇంకా బోలెడు ప్రాణం ఉంది. కాబట్టి కొత్తది కొననవసరం లేదు, కారు మీదే ఉంచి సన్నగా చెక్కించవచ్చు. క్యాలిపర్ జారే పిన్నులు కూడా చూశాం, రెండు వైపులా చక్కగా కదులుతున్నాయి, ప్యాడ్లు సమంగానే అరిగాయి.

మధ్యాహ్నం తర్వాత క్లచ్ పని పట్టాం. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, నేను బ్రేకు మీద కాలు ఉంచి మొదటి గేరులో క్లచ్‌ను పట్టుకునే అంచు దాకా వదిలాను, తర్వాత రివర్సులో. తమ్ముణ్ణి కారు ముందు కాక పక్కన నిలబడమన్నాను.

"ఇంజను కాస్త వంగి మళ్లీ వస్తోందక్కా, ఎగిరి పడటం లేదు. రబ్బర్లు చీలినట్టు లేవు."

ఇంజనును కారుకు పట్టి ఉంచే మౌంటింగు రబ్బర్లు తెగి ఉంటే ఇంజను ఒక్కసారిగా ఎగరడం కనిపించేది. వాడు కడ్డీ పెట్టి కూడా ఎత్తి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. ఆ తర్వాత కిందికి దూరితే క్లచ్ హౌసింగు అడుగున ఉన్న చిన్న రంధ్రం చుట్టూ తడి కనిపించింది. వేలితో తీసి వాసన చూశాం. ఇంజను ఆయిలు అయితే నల్లగా, మసి కలిసినట్టు ఉండాలి. ఇది లేత రంగులో, గంధకం ఘాటుతో ఉంది, అంటే గేరు ఆయిలు. గేర్‌బాక్సు నుంచి క్లచ్‌లోకి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఆయిలును ఆపే సీలు కారుతోంది. ఆ చుక్కలు తిరిగే ప్లేటు లైనింగు మీదికి, అంటే రాపిడితో పట్టే పొర మీదికి చిమ్ముతాయి. నూనె తగిలిన చోట జారడం, తగలని చోట పట్టడం, మళ్లీ జారడం. అదురు అక్కడిది.

డిస్కుకు తుప్పు, ప్లేటుకు నూనె. అదురుతున్నవి ఇవి, తప్పు వాటి వెనక ఉన్నవాటిది. అమ్మినాయన మాట పట్టుకుని వెళ్తే కొత్త ప్లేటు కూడా కొన్ని నెలల్లో అదే నూనెలో తడిసేది.

సాయంత్రం మెకానిక్ గారికి ఫోను చేసి కొలతలన్నీ చదివి వినిపించాను. ఆయన ఓపికగా విన్నారు.

"సీలు సంగతి కనిపెట్టడం మంచిదైందమ్మా. ఎలాగూ గేర్‌బాక్సు దించాలి, ఇంజను వెనక సీలు కూడా అప్పుడే చూసేద్దాం. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపే వేద్దాం. నూనె పీల్చిన లైనింగును కడిగితే ప్రయోజనం ఉండదు."

"ఫ్లైవీల్ మాటేమిటండీ?"

"దాని ముఖం మీద వేడికి పట్టిన నీలం మచ్చలు ఉంటే చెక్కించాలి. దించితే గాని చెప్పలేను."

ఆయన ఇంకో మాట చెప్పారు, నాకు బాగా నచ్చింది. తిరిగి ఎక్కించేటప్పుడు గేర్‌బాక్సు బరువును షాఫ్టు మీద వేలాడనిస్తే కొత్త ప్లేటు మధ్య భాగం వంగుతుందట, కొత్త క్లచ్ మొదటి రోజు నుంచే అదరడానికి అది పెద్ద కారణమట. అందుకని కింద జాకీ ఆనించి, గేర్‌బాక్సును ఇంజనుతో కుదిర్చే పిన్నులు సూటిగా కూర్చునేదాకా వదలరట. షాఫ్టు పళ్లకు గ్రీజు కూడా అంటీ అంటనట్టు పూస్తారట, ఎక్కువైతే అదీ లైనింగు మీదికే చిమ్ముతుందని.

గురువారం పని మొదలుపెడతారు. ఎడమ డిస్కు చెక్కించడం కూడా అదే రోజు, నట్లు టార్క్ రెంచితోనే బిగించాలని రాసి ఇచ్చాను. ఫ్లైవీల్ ముఖం, తీసిన పాత ప్లేటు నాకు చూపించాకే కొత్తది లోపలికి వెళ్లాలని అడిగాను. సరేనన్నారు.