కడప స్లాబ్: ఊరి పేరు రాయికి ఎలా అంటింది

ముంబైలో, పుణేలో కడప్పా అంటే వినేవాళ్లకు జిల్లా గుర్తు రాదు. వంటింట్లో గ్యాస్ పొయ్యి పెట్టుకునే నల్లబండ గుర్తొస్తుంది. తమిళనాడులో కడప్పా కల్ అన్నా అదే. ప్రభుత్వం 2005లో జిల్లా పేరు ఇంగ్లీషు స్పెల్లింగు మార్చి, రెండు డీలు ఉన్న పాత రూపాన్ని తీసేసింది. రాళ్ల వ్యాపారం మాత్రం దాన్ని వదల్లేదు. ఎగుమతి కాగితాల మీద, షోరూం బోర్డుల మీద పాత స్పెల్లింగే ఇంకా నడుస్తోంది. ఊరి పేరు నుంచి సరుకు పేరు పూర్తిగా విడిపోయిందనడానికి అది చాలు.

ఆ సరుకును మన దగ్గర నాపరాయి అంటాం. అది సున్నపురాయి. పొరలు పొరలుగా పేరుకుంది కాబట్టి గడ్డపారకు, ఉలికి పలకలుగా లేస్తుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు, అటు కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల వైపు గనులున్నాయి. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీలకు పేరు. అందుకే స్థానికంగా కొనేవాళ్లు బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు అని విడివిడిగా అడుగుతారు. బయటి మార్కెట్టుకు ఇవన్నీ కడపే. షాబాద్, తాండూరు, కోటా రాళ్లకూ ఇలాగే ఊళ్ల పేర్లు అంటుకున్నాయి. అవి కూడా సున్నపురాళ్లే.

భూగర్భ శాస్త్రం లెక్క మాత్రం వేరు. భారత భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతపు శిలల మీద ప్రచురించిన గ్రంథం కడప శిలలను, కర్నూలు శిలలను వేరు చేసి చూపింది. కడప శిలలు పాతవి, కింద ఉంటాయి. వాటి మీద కర్నూలు శిలలు పరుచుకున్నాయి. మనం పరుచుకునే నాపరాయి ఎక్కువగా నార్జి సున్నపురాయి. జమ్మలమడుగు దగ్గరి నార్జి ఊరి పేరు మీద పిలిచే ఈ రాయి కర్నూలు శిలల్లోది. అంటే దేశమంతా కడప పేరుతో అమ్ముడుపోయే బండ శాస్త్రం ప్రకారం కర్నూలు వర్గానిది. బేలం గుహలు ఏర్పడిందీ ఈ సున్నపురాతిలోనే. 3,229 మీటర్ల పొడవున నీళ్లు రాతిని కరిగించుకుంటూ పోయాయి. ఆ కరిగే గుణం వంటింట్లోనూ పనిచేస్తుంది, దాని సంగతి కింద చెబుతాను.

స్లాబ్ అనే రెండో మాట కూడా చాలా దూరమే వచ్చింది. ఇంగ్లీషులో అది మందపాటి పలక. కలప కోతలో దుంగ పైనుంచి మొదట దిగే బెరడు పలకను కూడా స్లాబ్ అంటారు. తెలుగులో ఇంటి కాంక్రీటు కప్పు అయింది. కరెంటు బిల్లులో యూనిట్ల మెట్టు కూడా అయింది. సీమలో ఈ మాటకు ఇంకో బంధం ఉంది. దూలాల మీద నాపబండలు పరిచి, పైన మట్టి వేసిన మిద్దెలు మన పాత కప్పులు. వాటి స్థానంలో వచ్చిన కాంక్రీటు స్లాబ్‌కు కావలసిన సిమెంటు ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో అదే సున్నపురాతి నుంచి తయారవుతోంది.

అర్థం మారినందువల్ల నష్టం కొనేవాళ్లకే. నాపరాయి బూడిద రంగులోనూ ఉంటుంది, నీలం కలిసిన నలుపులోనూ ఉంటుంది. బయట కడప అంటే నలుపు అనే అర్థం స్థిరపడేసరికి లేత బండకు నూనె పట్టించో, రంగు పూసో నలుపు చేసి అమ్మేవాళ్లు వచ్చారు. తెల్ల దూదిని థిన్నర్‌లో ముంచి పాలిష్ వైపు గట్టిగా రుద్దండి. నలుపు దూదికి అంటితే అది పూత. సహజమైన నలుపు కూడా ఆరుబయట ఎండకు, వానకు కొన్నాళ్లకు బూడిద రంగుకు తిరుగుతుంది. అది మోసం కాదు, రాతి స్వభావం. కాబట్టి వాకిట్లో పరిచేటప్పుడు నలుపు కోసం ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

నల్ల గ్రానైట్‌నూ దీన్నీ కలిపేయడం ఇంకో చిక్కు. బండ వెనకవైపు ఒక మూల నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నటి బుడగలు వచ్చినా, తుడిచాక మచ్చ మిగిలినా సున్నపురాయి. చాకు మొనతో గీస్తే దీని మీద గీత పడుతుంది, గ్రానైట్ మీద అంత తేలిగ్గా పడదు. వంటగట్టు మీద చింతపండు రసం, నిమ్మరసం, మజ్జిగ పడి నిలిస్తే పాలిష్ చచ్చి తెల్లటి మచ్చ పడుతుంది. అది మరక కాదు, పులుపు రాతి పైపొరను తినేసిన చోటు. ఎంత కడిగినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువ బండలు పాడయ్యేది ఇల్లు కట్టిన చివరి వారంలో. సిమెంటు మరకలు పోవాలని నేల మీద ఆసిడ్ పోసి రుద్దుతారు. ఒక్క పూటలో మెరుపంతా పోతుంది. బండ పరిచిన రోజే తడిగుడ్డతో తుడిచేస్తే ఆసిడ్ అవసరమే రాదు.

పరిచేముందు బండను సుత్తి పిడితో తట్టండి. ఖణేల్‌మంటే గట్టిది. మొద్దుగా మోగితే లోపల పొర విడిపోయింది, వంటగట్టుకు వాడొద్దు. తెల్ల గీత అడ్డంగా పోయిన బండ చాలాసార్లు ఆ గీత దగ్గరే విరుగుతుంది. నేలకైతే వెనక దుమ్ము కడిగి, బండను తడిపి, సిమెంటు పాలు రాసి, 1:6 మాలు (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక) మీద కూర్చోబెట్టాలి. మాలు నాలుగు మూలలకూ అందకపోతే కింద డొల్ల ఏర్పడి, బరువైన బీరువా పెట్టిన రోజు మూల విరుగుతుంది. అలమర బండ అంగుళం మందమైతే ఆధారాల మధ్య 3 అడుగులు దాటనివ్వకండి, రెండు చివరలూ గోడలోకి 3 అంగుళాలైనా దిగాలి. సింకు కోసం కోసేటప్పుడు మూలలు గుండ్రంగా ఉండాలి. చదరంగా కోస్తే చీలిక ఆ మూల నుంచే మొదలవుతుంది.

బరువు కూడా లెక్కలో పెట్టుకోండి. అంగుళం మందమున్న చదరపు అడుగు బండ దాదాపు ఆరున్నర కిలోలు. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గట్టు వంద కిలోలు దాటుతుంది. దాన్ని లారీలో పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి తేవాలి.

ఆర్డరు రాసేటప్పుడు కడప అని ఒక్క మాటతో వదిలేయకండి. నాపరాయి, ఏ ఊరి గని, మందం ఎంత, ఒకవైపు పాలిషా రెండువైపులా, అంచులు మిషన్ కోతా చేతి కోతా అన్నీ రాయించండి. చేత్తో చీల్చిన బండ మందం ఒక మూలకూ ఇంకో మూలకూ తేడా ఉంటుంది. లారీ దించేముందే నాలుగు మూలలూ టేపుతో కొలిచి, తక్కువ మందం ఎక్కడ తేలితే దాన్నే లెక్కలోకి తీసుకోండి.